గోడమీది జాబితా: రైతు సహాయము పొందినవారి పేర్లను గ్రామసభ చదువవలసిన విధము

(పంచాయతీ సభ్యులకు పాఠము)

బెంగుళూరు నుండి అనంతపురమునకు పోవు పెద్ద రహదారి చెన్నేకొత్తపల్లి మీదుగా సాగుచున్నది. దారికి ఇరుప్రక్కల ఎఱ్ఱనేలలు, వానమీదనే ఆధారపడిన మెట్టచేలు. ముంగారు వాన పడగానే వేరుసెనగ విత్తుటయు, ఊడలు దిగువేళకు మొగము చాటువేసిన మబ్బుకొఱకు ఎదురుచూచుటయు ఇచ్చటి రైతునకు క్రొత్త కాదు. ఈ మండలము 2022 ఏప్రిల్ 4 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. అంతకుముందు తాను భాగమై యున్న అనంతపురము జిల్లాకు ఏటి సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. ఇట్టి సీమలో ప్రభుత్వము ఖాతాలో వేయు ఆరేడువేల రూపాయలు పండుగ ఖర్చునకు పోవునవి కావు; మరుసటి పంటకు విత్తనకాయ కొనునవి.

కొంతకాలము క్రిందట మేము ఈ ప్రాంతములోని ఒక గ్రామమునకు పోయి యుంటిమి. కార్యాలయపు వసారాలో, తలుపు తెరచినచో దాని వెనుకకు పోవు గోడమీద, పంటనష్టపు జాబితా అంటింపబడి యున్నది. అక్షరములు ఆవగింజలంత. ఒక ముసలి అవ్వ వచ్చి, “ఏమప్పా, ఈ కాగితంలో మా ఇంటాయన పేరుండాదా, చూసి చెప్పు” అని అడిగినది. వ్రేలుపెట్టి వెదకితిమి. పేరు ఉన్నది. సంతోషముతో చెప్పగా ఆమె, “ఆయప్ప పోయి మూడేండ్లాయె” అన్నది. భూమి ఇంకను చనిపోయినవాని పేరనే ఉన్నది. బ్యాంకు ఖాతా మూతపడినది. చేను మాత్రము ఆమెయే సేద్యము చేయించుచున్నది. ప్రక్కనున్న వార్డు సభ్యుడు ఆ జాబితాను ఆ దినముననే తొలిసారి చూచినట్లు ఒప్పుకొనెను. అది అంటింపబడి వారము దాటినది. ఆక్షేపణలకు ఇచ్చిన గడువు ముందటి దినముతో ముగిసినదని కాగితము అడుగుననే వ్రాసి యున్నది.

ఆ జాబితా చట్టప్రకారము ప్రకటింపబడినదే. లోపము ప్రకటించుటలో లేదు, చదువుటలో ఉన్నది. ఈ పాఠము వ్రాయుటకు ఆ దినమే కారణము.

ఏది ఏ సొమ్ము?

ఊరిలో అందఱును “రైతుల డబ్బు పడింది” అందురు గాని అది ఒక్క సొమ్ము కాదు. ఏ జాబితా ఏ సొమ్మునకు సంబంధించినదో తెలియనిదే దానిలోని తప్పును పట్టుకొనుట అసాధ్యము.

కేంద్ర ప్రభుత్వపు పి.ఎం. కిసాన్ పథకము 2019 ఫిబ్రవరి 24న ప్రారంభమైనది. 2018 డిసెంబరు 1 నుండియే వర్తింపజేయబడినది. భూమిగల రైతుకుటుంబమునకు ఏటికి 6,000 రూపాయలు మూడు విడతలుగా ఇచ్చుట దీని పద్ధతి. దీనితో జోడుగా రాష్ట్రము తన సొమ్మును చేర్చుచు వచ్చినది. 2019 అక్టోబరు 15న మొదలైన రైతు భరోసాలో కేంద్రపు సొమ్ముతో కలిపి 13,500 రూపాయలు. 2025 ఆగస్టు 2న మొదలైన అన్నదాత సుఖీభవలో కేంద్రపు సొమ్ముతో కలిపి 20,000 రూపాయలు. పంట పండినను ఎండినను ఈ సొమ్ము వచ్చును. దీనికి మూలము భూమి లెక్క.

పెట్టుబడి రాయితీ, అనగా రైతులు ఇన్‌పుట్ సబ్సిడీ అనునది, వేరు. కరవుచేతగాని వరదచేతగాని పంట 33 శాతమునకు తగ్గకుండ నష్టమైనప్పుడే ఇది వర్తించును. విపత్తు సహాయనిధి నుండి ఇచ్చుటకు 2022–26 సంవత్సరములకు కేంద్రము పెట్టిన కొలత ప్రకారము మెట్టపంటకు హెక్టారుకు 8,500, నీటిపారుదల పంటకు 17,000, పండ్లతోటల వంటి బహువార్షిక పంటలకు 22,500 రూపాయలు; ఒక్కొక్క రైతునకు 2 హెక్టారుల వరకే. రెండెకరముల మెట్ట పోగొట్టుకొన్న రైతునకు ఈ లెక్కన సుమారు 6,880 రూపాయలు చెల్లవలెను. ఈ గుణకారము ప్రతి సభ్యుడును స్వయముగా చేసి చూడదగినది. జాబితాలోని విస్తీర్ణమును కొలతతో హెచ్చించినచో వచ్చు అంకె, ఎదుటి గడిలోని అంకె ఒకటి కానిచో అడుగవలసిన ప్రశ్న ఒకటి ఉన్నట్లే.

పంటల బీమా పరిహారము మూడవది. దాని లెక్క బీమా షరతులను బట్టి నడచును గనుక, ప్రక్క చేనివానికి బీమా వచ్చినదని తనకు రాయితీ రాలేదని పోట్లాడుట కూడదు. ఎరువుల సబ్సిడీ సంగతి మరియొక తీరు: ఆ సొమ్ము రైతు ఖాతాకు రాదు, కంపెనీకి పోవును. 2018 నుండి దేశమంతటను అంగడిలోని యంత్రముపై రైతు పేర అమ్మకము నమోదైన పిమ్మటనే కంపెనీకి చెల్లించుచున్నారు. అందుచేత మీరు వ్రేలిముద్ర వేసిన బస్తాలెన్ని, ఇంటికి తెచ్చిన బస్తాలెన్ని అని రశీదు చూచుకొనుట మంచిది.

రానివాడు, రాకూడనివాడు

జాబితాలో తప్పు రెండు విధములుగా ఉండును: రాకూడనివాని పేరు వచ్చుట, రావలసినవాని పేరు రాకపోవుట. పత్రికలు మొదటిదానిని గూర్చియే ఎక్కువగా వ్రాయును. అదియు చిన్నది కాదు. సమాచార హక్కు చట్టము క్రింద అడిగిన ప్రశ్నకు కేంద్ర వ్యవసాయశాఖ ఇచ్చిన జవాబు 2021 జనవరిలో వెల్లడియైనది. 2020 జూలై వరకు పి.ఎం. కిసాన్ సొమ్ము 1,364 కోట్ల రూపాయలు 20.48 లక్షల మంది అనర్హులకు చేరినట్లు అందులో ఉన్నది. వారిలో సగముకంటె ఎక్కువమంది ఆదాయపు పన్ను చెల్లించువారు. అదే 2020లో పొరుగున తమిళనాడులో లక్షలకొలది అనర్హుల పేర్లు చేర్పబడి, 100 కోట్లకు మించిన సొమ్ము తరలిపోయినట్లు బయటపడి విచారణలు జరిగినవి.

పి.ఎం. కిసాన్‌కు అనర్హులెవరో సభ్యులకు తెలిసియుండవలెను. ఆదాయపు పన్ను కట్టువారు. నాలుగవ తరగతివారు తప్ప తక్కిన ప్రభుత్వోద్యోగులు, విశ్రాంత ఉద్యోగులు. నెలకు 10,000 రూపాయలు గాని అంతకు మించి గాని పింఛను పొందువారు. వృత్తి చేయుచున్న వైద్యులు, న్యాయవాదులు, ఇంజనీర్లు. మంత్రులు, శాసనసభ్యులు, జిల్లా పరిషత్తు అధ్యక్షులు మొదలగువారు. సర్పంచి, వార్డు సభ్యుడు ఈ పట్టికలో లేరు. కావున పంచాయతీ సభ్యుడైనంత మాత్రమున మీ సహాయము పోదు. ఆ భయముతో కొందఱు తమ పేరు వచ్చిన జాబితాను సభలో చదువనీయక పోవుట మేము చూచితిమి. సభ్యుడు మొదట తన పేరునే బిగ్గరగా చదివినచో తరువాతి పేర్లు చదువుట ఎంతో సులభమగును.

అయితే మాకు ఎక్కువ దుఃఖము కలిగించునది రెండవ తప్పు. రాకూడనివాని పేరు జాబితాలో కంటికి కనబడును. రావలసినవాని పేరు గోడమీద ఎక్కడ కనబడును? జాబితాను చూచినంత మాత్రమున అది తెలియదు. ఊరు తెలిసినవారు, సర్వే నంబరు తెలిసినవారు కూర్చుండి వినినప్పుడే “మా చేను సంగతేమి?” అను మాట వినవచ్చును. చదువవలెనని మేము పట్టుబట్టుటకు మూలమిదియే.

కౌలురైతులది ఇందు మొదటి వరుస. భూమి ఒకరిది, చెమట మరియొకరిది. 2019లో మన రాష్ట్రమున చేయబడిన పంటసాగుదారుల హక్కుల చట్టము కౌలుదారునకు పదునొకండు నెలలకు చెల్లు పత్రము ఇచ్చుటకు వీలు కల్పించినది గాని, దానికి భూయజమాని ఒప్పుదల కావలెను. సంతకము పెట్టిన భూమి పోవునేమో అని యజమాని జంకును. అడిగిన కౌలు పోవునేమో అని కౌలుదారు జంకును. ఈ జంకు పోగొట్టుట అధికారికంటె ఊరి పెద్దలకే సాధ్యము. పంట నమోదు సమయమున “ఈ నంబరులో ఈ ఏడు విత్తినదెవరు?” అని బహిరంగముగా అడిగినచో, చేను తిరిగిన ప్రతివానికిని జవాబు తెలిసియే యుండును.

చట్టము చెప్పునది

2005 అక్టోబరు 12న అమలునకు వచ్చిన సమాచార హక్కు చట్టమును అర్జీ పెట్టుకొను చట్టముగానే చాలమంది ఎఱుగుదురు. దానిలోని 4వ విభాగము అంతకంటె విలువైనది. సబ్సిడీ కార్యక్రమములను నడుపు తీరు, కేటాయించిన మొత్తములు, లబ్ధిదారుల వివరములు, ఇవన్నియు ఎవరును అడుగకముందే ప్రభుత్వ కార్యాలయములు ప్రకటింపవలెనని అది విధించినది. ఎట్లు ప్రకటింపవలెనో కూడ చెప్పినది: స్థానిక భాషను, ఆ చోట బాగుగా పనికివచ్చు పద్ధతిని గమనించి ప్రకటింపవలెను. నోటీసు బోర్డు, పత్రికలు, బహిరంగ ప్రకటన, రేడియో వంటి ప్రసారములు, ఇంటర్నెట్టు అన్నియు ఆ పద్ధతులలో చేరినవి. ఇందు “బహిరంగ ప్రకటన” అను మాటను సభ్యులు గుర్తుంచుకొనవలెను. రచ్చకట్టవద్ద టముకు వేయించుట పాతకాలపు ముచ్చట కాదు, చట్టము ఒప్పిన పద్ధతి. చేనిలో పొద్దుగ్రుంకువరకు పనిచేసి వచ్చువానికి, సాయంకాలము తాళము పడు కార్యాలయములోని గోడ ఎంతవరకు పనికివచ్చును?

ఈ చట్టము ఢిల్లీలోని పెద్దల మేధస్సునుండి పుట్టినదని తలంచుట పొరపాటు. రాజస్థానములోని మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ 1994 డిసెంబరులో కోట్ కిరానా అను గ్రామమున ఒక బహిరంగ విచారణ జరిపినది. పనుల హాజరుపట్టీలను తెచ్చి ఊరివారి ఎదుట పేరుపేరున చదివిరి. చదువగా ఏమగును? పనికి పోనివాడు తన పేర కూలి వ్రాయబడుట విని లేచి నిలిచెను. కార్యాలయపు బీరువాలో ఎన్నేండ్లున్నను మాటాడని కాగితము, ఊరి నడుమ చదివిన వెంటనే మాటాడినది. 1996లో బ్యావర్ పట్టణమున నలువది దినములు సాగిన ధర్నా, పిమ్మటి ఉద్యమము దేశవ్యాప్తమై చట్టమునకు దారి తీసినవి.

మన సీమకును ఈ కథలో భాగమున్నది. జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకము 2006 ఫిబ్రవరి 2న ప్రధానమంత్రి డాక్టర్ మన్‌మోహన్ సింగ్ చేతులమీదుగా ప్రారంభమైనది అనంతపురము జిల్లా నార్పల మండలములోని బండ్లపల్లిలోనే. ఆ చట్టపు 17వ విభాగము గ్రామసభచే సామాజిక తనిఖీని విధించినది. దాని కొఱకు 2009లో మన రాష్ట్రము ప్రత్యేక సంస్థనే ఏర్పరచినది. మస్టరు పట్టుకొని ఇంటింటికి పోయి అడుగుట, పిదప మండల కేంద్రమున అందఱి ఎదుట చదువుట ఈ ప్రాంతపు కూలీలు కన్నులార చూచినవే. కూలి డబ్బునకు పనికివచ్చిన పద్ధతి పంట డబ్బునకు ఏల పనికిరాదు?

పేర్లు చెప్పుట అవమానమా?

ఒక సర్పంచి మమ్ము ఇట్లు ప్రశ్నించెను: “ఎవనికెంత వచ్చినదో నలుగురిలో చదివినచో అప్పులవాడు సాయంత్రమే ఇంటిముందు కూర్చుండడా?” ఈ ప్రశ్నను త్రోసిపుచ్చరాదు. సంపన్నదేశములలో కూడ ఇది కోర్టులకు ఎక్కినది.

ఐరోపా సమాఖ్య తన రైతులకు ఏటా అపారమైన సొమ్ము ఇచ్చును. అందులో సుమారు 80 శాతము సుమారు 20 శాతము మందికే చేరుచున్నదని వారి లెక్కలే చెప్పినవి. 2005 నుండి కొందరు పాత్రికేయులు ఒక్కొక్క దేశపు ప్రభుత్వమును అడిగి, ఎవరికెంత వచ్చినదో బయటికి తీసిరి. చిన్నరైతు పేరు చెప్పి పెట్టిన పద్దులో పెద్ద కంపెనీలు, పెద్ద ఎస్టేటులు కనబడినవి. అంతట పేర్లన్నియు ప్రకటింపవలెనని సమాఖ్యయే నియమము చేసినది. జర్మనీలోని హెస్సెన్ ప్రాంతపు సేద్యగాండ్రు కోర్టునకు పోగా 2010 నవంబరు 9న సమాఖ్య న్యాయస్థానము తీర్పు చెప్పినది: సొమ్ము ఎంత, ఎన్నిమార్లు అను భేదము లేక వ్యక్తులందఱి పేర్లను ఒక్క తీరున ప్రకటించుట మితిమీరినది. ఆ తీర్పుతో వ్యక్తుల పేర్లు ఆగిపోయినవి. 2013లో చేసిన క్రొత్త నియమము చాల తక్కువ మొత్తము పొందువారి పేర్లను మాత్రము మరుగుపరచి, తక్కినవారి పేర్లను మరల ప్రకటించు ఏర్పాటు చేసినది.

మనము దీనినుండి గ్రహింపవలసినది, చెప్పవలసినదేదో చెప్పకూడనిదేదో వేరుచేయుట. రైతు పేరు, తండ్రి లేక భర్త పేరు, సర్వే నంబరు, విస్తీర్ణము, పంట, మొత్తము, ఇవి చదువవలసినవి. ఆధార్ సంఖ్య, బ్యాంకు ఖాతా సంఖ్య, ఫోను సంఖ్య గోడమీద ఉండరాదు. ఆధార్ సంఖ్యను బహిరంగముగా ప్రకటించుటను 2016 నాటి ఆధార్ చట్టమే నిషేధించినది. అట్టి కాగితము అంటింపబడినచో వెంటనే తీయించి ఆ గడిని మూసి మరల అంటింపజేయుడు. మోసగాండ్రు ఆ అంకెలకొఱకే తిరుగుచుందురు.

ఇటీవలి మార్పు నొకదానిని కూడ తెలుపుచున్నాము. 2023లో వచ్చిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము, సమాచార హక్కు చట్టపు 8వ విభాగములో వ్యక్తిగత సమాచారమునకు గల మినహాయింపును విస్తరించినది; ఆ మార్పు 2025 నవంబరులో అమలునకు వచ్చినది. దీనిని చూపి లబ్ధిదారుల పేర్లు చెప్పము అనువారు ఉండవచ్చును. సబ్సిడీ లబ్ధిదారుల వివరములు ప్రకటింపవలెనను 4వ విభాగపు మాట చెరపబడలేదని, ప్రజాప్రయోజనము హానికంటె పెద్దదైనప్పుడు వెల్లడింపవచ్చునను 8వ విభాగపు రెండవ ఉపవిభాగమును అట్లే ఉన్నదని మర్యాదగా చెప్పుడు.

చదువు విధము

జాబితా వచ్చిన దినముననే సర్పంచి ఒక ప్రతిని తెప్పించుకొని గడువు తేదీని మొదట చూడవలెను. టముకు వేయించి, చేనిపని ముగిసిన వేళ, చావడిలోనో దేవళము ముందరనో కూర్చుండవలెను. పేర్లు ఊరకే చదివిన ప్రయోజనము లేదు. ఈ ప్రాంతములో ఒక్క ఊరిలో నలుగురు నారాయణప్పలు, అయిదుగురు లక్ష్మమ్మలు ఉందురు. తండ్రి పేరు, సర్వే నంబరు కలిపి చదివినప్పుడే ఏ నారాయణప్పకో తెలియును. కంప్యూటరు ఇంటిపేరును ముందు పెట్టి అక్షరక్రమమున వేసిన వరుసలో చదువుటకంటె, వీధి వారీగా గాని సర్వే నంబరు వారీగా గాని తిరుగవ్రాసికొని చదివినచో పొరుగు చేలవారు వెంటనే గుర్తుపట్టుదురు. ఇది కొంత శ్రమయే. చదువుకొన్న యువకులిద్దఱు ఒక్క రాత్రి కూర్చున్నచో తీరును.

ప్రతి పేరు తరువాత కొంత ఆగవలెను. ఆక్షేపణ చెప్పినవాని మాటను అక్కడికక్కడ తీర్పు చేయబోవుట పంచాయతీ పని కాదు. అర్హతానర్హతలు తేల్చు అధికారము వ్యవసాయ, రెవెన్యూ అధికారులది. మీ పని ఆ మాటను తీర్మానపు పుస్తకములో తేదీతో వ్రాసి, ప్రతిని రైతు సేవా కేంద్రములోను తహశీల్దారు కార్యాలయములోను ఇచ్చి రశీదు తీసికొనుట. కక్షతో చెప్పు మాటలును వచ్చును. వానిని కూడ వ్రాసికొనుడు, చెప్పినవాని పేరుతో సహా. పేరు వ్రాయుదురని తెలిసినచో సగము కక్షలు నోటిలోనే నిలిచిపోవును.

చనిపోయినవారి పేర్లను ప్రత్యేకముగా గుర్తించవలెను. అట్టి పేరు కనబడినప్పుడు ఊరివారు “దొంగలెక్క” అని కేకలు వేయుదురు. చాలమార్లు అది దొంగలెక్క కాదు, వారసుల పేర భూమి మార్పించుకొనని అమాయకత. పి.ఎం. కిసాన్‌లో 2019 ఫిబ్రవరి 1 తరువాత చేతులు మారిన భూమికి సహాయము లేకున్నను, యజమాని మరణముచే వారసులకు సంక్రమించిన భూమికి ఆ అడ్డు లేదు. ఈ ఒక్క మాట తెలియక ఎందఱో వితంతువులు అడుగుట మానుకొనిరి.

జాబితా ఇయ్యని చోట అర్జీ పెట్టవలసి వచ్చినచో, మన రాష్ట్రపు నియమముల ప్రకారము గ్రామస్థాయి కార్యాలయమునకు రుసుము లేదు. మండలస్థాయికి 5 రూపాయలు, ఆపై కార్యాలయములకు 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువ నున్నవారు ఏదియు చెల్లింపనక్కఱలేదు. 30 దినములలో జవాబు రావలెను. రానిచో పై అధికారికి మొదటి అప్పీలు, తరువాత రాష్ట్ర సమాచార కమిషనుకు రెండవ అప్పీలు. పంచాయతీ కూడ ఈ చట్టమునకు లోబడిన కార్యాలయమే గనుక, ఇతరులను అడుగు చేతులతోనే తన పద్దులను కూడ చూపవలసి యుండును.

మొదట చెప్పిన గ్రామమునకు మేము మరల పోయితిమి. ఆ వార్డు సభ్యుడు తరువాతి జాబితాను దేవళము ముందర దీపము క్రింద తానే చదివెనట. తన పేరుతో మొదలుపెట్టెనట. గంటన్నర పట్టినదని, నడుమ రెండు మార్లు జగడము వచ్చినదని నవ్వుచు చెప్పెను. అవ్వ భూమి మార్పు అర్జీ తహశీల్దారు కార్యాలయములో ఉన్నది. రశీదును ఆమె పాసుపుస్తకపు అట్టలో మడిచి పెట్టుకొని, మాకు తీసి చూపినది. ఆమె పేరు ఇంకను ఏ జాబితాలోను రాలేదు.